ట్రైలర్‌కి సింగారం

మా ఆయనకి ఈత రాదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది అర్థం చేసుకోవడం తేలికవుతుంది. అమెరికా వచ్చి ఇరవై ఏళ్లు దాటినా మా బాత్రూమ్‌లో ఇంకా బకెట్టూ మగ్గూ ఉంటాయి. షవర్ కింద నిలబడితే ఆయనకి ఊపిరాడదట. అలాంటి మనిషి ఒక ఏప్రిల్ శనివారం పొద్దున్న పక్కనున్న ప్లేనో ఊరు వెళ్లి, మధ్యాహ్నానికల్లా రెండు జెట్ స్కీలనీ వాటిని మోసే ట్రైలర్‌నీ కారు వెనక తగిలించుకుని, కాపెల్‌లో మా ఇంటి ముందు ఆగి హారన్ కొట్టాడు. కొత్త పెళ్లికొడుకులా నవ్వుకుంటూ దిగాడు.

"ఎలా ఉన్నాయి?" అన్నాడు.

"ఎవరివి?" అన్నాను.

వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగాను. నీళ్ల మీద పరిగెత్తే స్కూటర్లు మా ఇంటికి చెందినవని అనుకోవడానికి నాకు ఏ కారణమూ కనబడలేదు.

దీనికంతటికీ మూలం మా అమ్మాయి అడిగిన ఒక చిన్న కోరిక. పిల్ల అప్పుడు హైస్కూల్ ఆఖరి సంవత్సరంలో ఉంది. నాలుగేళ్లూ స్కూల్ స్విమ్ టీమ్‌లో ఈదింది. ప్రతి పోటీకీ వాళ్ల నాన్న వచ్చేవాడు, కాదనను. వచ్చి, అందరికంటే పైమెట్టు మీద, తుంపర కూడా పడనంత దూరంలో కూర్చుని, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని మీటింగ్‌లో మ్యూట్ తీస్తూ పెడుతూ ఉండేవాడు. పిల్ల గట్టు పట్టుకుని తలెత్తి పైకి చూసేసరికి ఈయన తల కిందకి ఉండేది. కాలేజీ సీటు వచ్చిన రోజు, "ఏం గిఫ్ట్ కావాలి కన్నా?" అని అడిగాడు. కారు అంటుందని ఇద్దరం ఊపిరి బిగబట్టాం.

"ఏమీ కొనొద్దు నాన్నా," అంది. "నేను వెళ్లే ముందు ఒక్కసారి నాతో వాటర్‌లోకి రా. జస్ట్ వన్స్. మనిద్దరమే."

ఆగస్టులో పిల్ల వెళ్లిపోతుంది. మధ్యలో ఉన్నది ఒక్క వేసవి. ఆ ఒక్కసారి జరుగుతుందా జరగదా అన్నదే ఆ వేసవంతా నాకున్న బెంగ.

బుద్ధున్న తండ్రయితే వెళ్లి ఈత నేర్చుకునేవాడు. పెద్దవాళ్లకి నేర్పే క్లాసులు మా ఊళ్లోనే ఉన్నాయి. మా ఆయన మాత్రం ‘వాటర్’ అన్న ఒక్క మాట పట్టుకుని షాపుకి వెళ్లాడు. ఇక్కడ సాఫ్ట్‌వేర్‌లో పండిపోయిన మా మగవాళ్లందరిదీ ఇదే వరస. ఎవరు ఏం అడిగినా ఏదో ఒకటి కొంటే తప్ప అడిగింది ఇచ్చామన్న తృప్తి ఉండదు. నడవమని డాక్టర్ చెప్తే ట్రెడ్‌మిల్ కొంటారు. ఇంటి ముందు గడ్డి కాస్త కోయమంటే కూర్చుని నడిపే మిషన్ కొంటారు. ఆ తర్వాత నడవరు, కోయరు, కొన్నదాని గురించి ఒకరికొకరు గంటలు గంటలు చెప్పుకుంటారు.

"వచ్చే శనివారమే లేక్‌కి పోదాం," అన్నాడు. లేక్ మా ఇంటికి ఎంతో దూరం లేదు. పిల్ల ఆ రాత్రి వాళ్ల నాన్న మెడ పట్టుకుని ఊగింది. నేను కూడా మెత్తబడ్డాను.

ఆ శనివారం ట్రైలర్ చెక్కలకి అతికించిన తివాచీ ఊడింది. ట్రైలర్ మీద జెట్ స్కీ కడుపు ఆనుకోవడానికి రెండేసి పొడుగాటి చెక్కలుంటాయి. ఒరుసుకోకుండా వాటికి తివాచీ చుడతారు. అది ఒక మూల వేలెడంత లేచింది. ఆ మాత్రానికి జెట్ స్కీకి గీతలు పడతాయని ప్రయాణం ఆపేసి, తివాచీ అంతా పీకేశాడు. కొత్తది తెచ్చాడు. బూడిద రంగుది నచ్చక నల్లది తెచ్చాడు. మూడు వారాలు మోకాళ్ల మీద కూర్చుని, స్టేప్లర్ పట్టుకుని, కన్నకూతురికి పట్టుచీర కుచ్చిళ్లు సర్దుతున్నంత శ్రద్ధగా ఆ చెక్కలకి గుడ్డ చుట్టాడు. అసలు కూతురు ఆ పక్కనే టవల్ భుజాన వేసుకుని నిలబడి ఉంది.

నేను టెస్టింగ్‌లో పనిచేస్తాను. ఎదుటివాళ్ల పనిలో తప్పులు పట్టినందుకే నాకు జీతం ఇస్తారు. ఇంట్లో ఆ పని ఊరికే చేస్తాను. "తివాచీ బాగానే ఉంది కానీ, మీరు వెళ్లేది లేక్‌కా, పేరంటానికా?" అని అడిగాను. నవ్వలేదు. స్టేప్లర్‌లో పిన్నులు అయిపోయాయని షాపుకి వెళ్లాడు.

మా కాలనీలో ఇంటి ముందు ట్రైలర్ ఉంచకూడదని రూలు. అందుకని అది గరాజ్‌లోకి వచ్చింది, నా కారు బయటికి పోయింది. మే నెలలో వడగళ్లు పడి నా కారు పైకప్పంతా గుంటలు పడ్డాయి. ట్రైలర్ మీద ఈగ కూడా వాలలేదు. పైగా దాన్ని గరాజ్‌లో పెట్టడం పెద్ద తతంగం. కారుతో ముందుకి లాగడం మా ఆయనకి వచ్చు, వెనక్కి నెట్టడం చేతకాదు. కారు ఒక పక్కకి పోతే ట్రైలర్ ఇంకో పక్కకి పోయి, రెండూ మోచెయ్యిలా మడత పడేవి. చివరికి ట్రైలర్‌ని విప్పేసి చేత్తో తొయ్యాల్సి వచ్చేది. అందుకు పక్క వీధి మిత్రుణ్ని పిలిచేవాడు. ఆయనది కరీంనగర్ వైపు. మా ఆయన్ని అన్న అని పిలుస్తాడు, మా ఆయన ఏం కొన్నా మురిసిపోతాడు. ఇద్దరూ చెరో పక్క నిలబడి "రానీ రానీ, రైట్ రైట్" అంటూ తోసేవాళ్లు. ఆ అరుపులకి ఎదురింటి అమెరికన్ ముసలాయన కిటికీ తెర తీసి చూసేవాడు.

"అన్నా, బండి మస్తుంది గానీ లైట్లు సాదాగున్నయ్," అన్నాడు ఒకరోజు మిత్రుడు. నేను టీ ఇవ్వడానికి గరాజ్‌లోకి వచ్చాను, నా చెవులారా విన్నాను. ఆ మాటతో జూన్ నెల మొత్తం పోయింది.

ట్రైలర్ వెనక లైట్లకి నాలుగంటే నాలుగు తీగలు. ఒకటి కుడి పక్కకి, ఒకటి ఎడమ పక్కకి, ఇలా దేని పని దానిది. ఆఫీసులో పెద్ద పెద్ద సిస్టమ్‌లకి నక్షాలు గీసే మా ఆయన ఆ నాలుగు తీగల్ని ఎలా కలిపాడంటే, కారులో కుడి ఇండికేటర్ వేస్తే ట్రైలర్‌కి ఎడమ లైటు కొట్టుకుంది. బ్రేక్ నొక్కితే రెండూ ఆరిపోయాయి. ఏదో వీడియో పెట్టి, ఆపి, మళ్లీ పెట్టి, అందులో మనిషి చెప్పినదానికి తలాడిస్తూ రెండు శనివారాలు కూర్చున్నాడు. అది సరిపోదని ట్రైలర్ అంచుల వెంబడి రంగులు మారే లైట్ల పట్టీ అతికించాడు. దానికి సొంత బ్యాటరీ, ఒక రిమోట్. నీలం, ఆకుపచ్చ, ఊదా, ఎరుపు. రాత్రి భోజనాలయ్యాక గరాజ్ లైట్లార్పి మమ్మల్ని పిలిచి చూపించాడు. మా ఊళ్లో రికార్డింగ్ డాన్సు స్టేజీ కూడా ఇంతకంటే మర్యాదగా ఉండేది.

"నీళ్లలో మునిగినా వెలుగుతాయి, తెలుసా!" అన్నాడు.

"మునిగితే కదా," అన్నాను.

పిల్ల నా వైపు చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు, నోరు మూసుకున్నాను.

ఆ తర్వాత ముందు భాగంలో అల్యూమినియం పెట్టె బిగించాడు. అందులో తాళ్లు, రెంచీలు, మందుల డబ్బా, నేను చేసిన జంతికల డబ్బా. ఆ తర్వాత స్పేర్ టైరు, దానికి తొడుగు, తొడుగు మీద అలల బొమ్మ. ఆ పైన, వెనక రెండు పక్కలా నిలువు గొట్టాలు. నీళ్లలో ట్రైలర్ ఎక్కడుందో కనబడటానికట. ఒక్క అడుగు కూడా నీళ్ల వైపు వేయని ట్రైలర్ నీళ్లలో ఎక్కడుందో ఎవరికి కనబడాలో నాకు అర్థం కాలేదు.

మధ్యలో పూజ కూడా జరిగింది. మిత్రుడు, ఆయన భార్య వచ్చారు. కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, నాలుగు నిమ్మకాయలు. ట్రైలర్‌కి రెండే చక్రాలు. మిగతా రెండు నిమ్మకాయలు ఎక్కడ పెట్టాలన్న విషయం మీద ఇద్దరు మాస్టర్స్ డిగ్రీల మగవాళ్లు తీవ్రంగా చర్చించారు. జెట్ స్కీకి చక్రాలుండవు కదా! ముందు వైపు ట్రైలర్‌ని నిలబెట్టే ఊతకర్రకి అడుగున చిన్న చక్రం ఉంటుందని మిత్రుడు కనిపెట్టాడు. దాని కింద మూడోది పెట్టారు. నాలుగోది పులిహోరలోకి పోయింది. పిల్ల ఆ రోజు కూడా టవల్‌తోనే వచ్చింది. పూజ అయ్యాక బయల్దేరతామనుకుంది పాపం. "పూజ రోజే దింపకూడదు కన్నా," అన్నాడు వాళ్ల నాన్న. అలాంటి నియమం ఏ శాస్త్రంలో ఉందో నాకైతే తెలియదు.

ఇక్కడ జెట్ స్కీ నడపడానికి కొత్త తరం వాళ్లు పరీక్ష పాసవ్వాలి, ముందు తరం వాళ్లకి అక్కర్లేదు. పిల్ల ఆన్‌లైన్‌లో పాఠాలు చదివి, పరీక్ష రాసి, కార్డు తెచ్చుకుంది. ఏమీ చదవని, ఏమీ రాని మా ఆయనకి మాత్రం ఈ ప్రభుత్వం పూర్తి అనుమతి ఇచ్చింది.

ప్రతి శనివారం పొద్దున్న పిల్ల గరాజ్ గుమ్మంలో నిలబడేది. "నాన్నా, టుడే వెళ్తామా?" అనేది. "వచ్చే వారం పక్కా," అనేవాడు. జూలై మధ్యలో ఒక శనివారం వచ్చింది. నిలబడింది. అడగలేదు. భుజాన టవల్ కూడా లేదు. వాళ్ల నాన్న గ్రీజు చేతులతో ఏదో బోల్టు బిగిస్తున్నాడు. కాసేపు చూసి, "లుక్స్ నైస్, నాన్నా" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ నిమిషంలో ఆ మనిషిని నేను నిజంగా అసహ్యించుకున్నాను. ఇప్పుడు రాస్తున్నా ఆ కోపం చల్లారలేదు.

"ఆ బోల్టు వదలండి," అన్నాను.

"దీన్ని సగంలో ఆపకూడదు."

"దాన్ని ఆపకండి. పిల్లనే ఆపుతూ ఉండండి. ఆగస్టులో అది వెళ్లిపోయాక ఈ ట్రైలర్‌ని ఒళ్లో కూర్చోబెట్టుకుని జోకొట్టండి. మీకు భయం. నీళ్లంటే భయం. ఆ మాట దానికి చెప్పలేక వేసవంతా దీన్ని సింగారిస్తున్నారు."

"సేఫ్టీ చూసుకోవాలి కదా," అన్నాడు. రెంచీ కింద పెట్టాడు. పెట్టిన చోటుని చూస్తూ కూర్చున్నాడు. జాలిపడాలేమో, నాకు రాలేదు.

మొత్తానికి పిల్ల వెళ్లే ముందు శనివారం ఖాయం చేశాం. వెనక్కి నడపడం నేర్చుకోవడానికి ఖాళీగా ఉన్న స్కూల్ పార్కింగ్ లాట్‌కి ట్రైలర్ తీసుకెళ్లాం. మా ఆయన గంటసేపు తిప్పి మూడు చెత్త డబ్బాలు పడగొట్టాడు. పిల్ల ఎక్కి కాసేపట్లో నేర్చేసుకుంది. స్టీరింగ్ కుడికి తిప్పితే ట్రైలర్ ఎడమకి పోతుంది, ఎడమకి తిప్పితే కుడికి పోతుంది, అంతే కదా అంది. లేక్ దగ్గర కారు పిల్ల నడిపేటట్టు, వాళ్ల నాన్న కిందకి దిగి దారి చూపించేటట్టు నిర్ణయించుకున్నాం.

ఆ శనివారం మా ఆయన ఇంటి దగ్గరే లైఫ్ జాకెట్ వేసుకున్నాడు. నారింజ రంగుది, గడ్డం దాకా వచ్చేది. దాని మీంచే సీట్ బెల్ట్ పెట్టుకుని పిల్ల పక్కన కూర్చున్నాడు. ట్రాఫిక్ లైటు దగ్గర పక్క కారులో వాళ్లు ఈయన్ని చూసి ఫోన్ తీశారు. నేను వెనక సీట్లో తల దించుకున్నాను. లైట్ల రిమోట్ నా చేతికిచ్చి, "నీ బ్యాగ్‌లో పెట్టు, తడిస్తే పోతుంది," అన్నాడు. లైట్లు మునగొచ్చట, రిమోట్ తడవకూడదట.

లేక్ దగ్గర కాంక్రీట్ ర్యాంప్ రెండు వరసలుగా నీళ్లలోకి వాలి ఉంటుంది. డ్రైవింగ్ సీట్లోంచి చూస్తే ఎడమ చివర అంచు, అంచు కింద బండరాళ్లు. మాది ఎడమ వరస. మా వెనక పెద్ద పెద్ద పడవలతో జనం బారులు తీరి ఉన్నారు. జెట్ స్కీల వెనక బెల్టులు విప్పాం. ముందు మూతికి కట్టిన తాడు మాత్రం నీళ్లలోకి దిగాక విప్పాలి. పిల్ల కారులో కూర్చుంది. నేను పక్కనున్న చెక్కవంతెన మీద నిలబడ్డాను. మా ఆయన ర్యాంప్ మీద, సరిగ్గా నీళ్లు మొదలయ్యే గీతకి అడుగు ఇవతల నిలబడి చేతులూపాడు.

"రానీ రానీ," అన్నాడు. పిల్ల చక్కగా వస్తోంది. సూదిలోకి దారంలా తిన్నగా వస్తోంది. "రానీ. రానీ. ఆఁ, రైట్ రైట్!"

ట్రైలర్ ఎడమకి తిరిగింది.

మా ఆయన ఊళ్లో ఎర్రబస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ కాలేజీకి వెళ్లినవాడు. కండక్టర్ బస్సు రేకు మీద రెండు చరుపులు చరిచి ‘రైట్ రైట్’ అంటే, బాగానే ఉంది, తిన్నగా పోనీ అని అర్థం. మా తరంలో ఆ మాట తెలియనివాళ్లు లేరు. లారీ వెనక్కి తీసినా, బీరువా లోపలికి జరిపినా అదే మాట. పిల్ల పుట్టింది ఇక్కడే, ఇర్వింగ్ ఆసుపత్రిలో. అది ఏ బస్సూ ఎక్కలేదు, స్కూల్ బస్సు తప్ప. డ్రైవింగ్ సీట్లో కూర్చున్నదానికి ఎవరైనా ‘రైట్ రైట్’ అని అరిస్తే ఏం చేస్తుంది? కుడికి తిప్పింది. ఇంకోసారి కూడా అన్నాడు కాబట్టి ఇంకాస్త తిప్పింది.

ట్రైలర్ అంచుకి పోతోంది. మా ఆయనకి ఒళ్లు తెలియలేదు. "హోల్డాన్! హోల్డాన్!" అని కేకలు పెట్టాడు.

అదీ బస్సు భాషే. ఆపమని. పిల్లకి అది ‘గట్టిగా పట్టుకో’ అని వినబడింది. స్టీరింగ్‌ని ఉన్నది ఉన్నట్టు రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. బ్రేక్ మీదకి కాలు వెళ్లలేదు.

"స్టాప్!" అని నేను అరిచాను. అప్పటికే ఎడమ చక్రం అంచు దాటి రాళ్లలోకి పడింది. ఫెళ్లుమని చప్పుడయింది. ట్రైలర్ పక్కకి ఒరిగి, వెనక సగం నీళ్లలో మునిగింది. నిలువు గొట్టం ఒకటి విరిగింది. అల్యూమినియం పెట్టె మూత ఊడి, జంతికల డబ్బా నీళ్లలోకి పోయి తెరుచుకుంది. బంగారు రంగు జంతికలు అలల మీద చుట్టలు చుట్టలుగా తేలాయి.

పిల్ల కారు దిగి పరిగెత్తుకొచ్చింది. మొహం పాలిపోయింది. "నాన్నా! యూ సెడ్ రైట్! రైట్ అన్నావ్!"

"రైట్ అంటే రైట్ కాదమ్మా! రైట్ అంటే పోనీ అని!"

"వాట్? హూ సేస్ దట్?"

"అందరూ అంటారు!"

"ఎవరు అందరూ?"

మా ఆయన నా వైపు చూశాడు. ఆ మాట వెనకున్న జనమంతా ఆ ర్యాంప్ మీద నేనొక్కదాన్నే. "అంటారు," అన్నాను. "ఎర్రబస్సులో అంటారు." పిల్ల మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. దానికి కోపం వస్తోందో నవ్వు వస్తోందో దానికే తెలియనట్టుంది.

వెనక బారు తీరినవాళ్లలో నలుగురు వచ్చి సాయం పట్టారు. ముందు తాళ్లు విప్పి జెట్ స్కీలని మెల్లగా నీళ్లలోకి జార్చారు. చిత్రంగా వాటికి గీత కూడా పడలేదు, ఆ తివాచీ పుణ్యమా అని. వాటిని చెక్కవంతెనకి కట్టారు. కారుని ట్రైలర్ నుంచి విడదీసి పైకి పంపారు. ట్రైలర్ మాత్రం కదల్లేదు. ఇరుసు వంగిపోయింది. లాగే లారీ వాడికి ఫోన్ చేస్తే గంటన్నా పడుతుందన్నాడు. జనం రెండో వరసలోంచి తమ పడవలు దింపుకుంటూ, మా ట్రైలర్‌నీ, మా ఆయన లైఫ్ జాకెట్‌నీ, తేలుతున్న జంతికల్నీ చూసుకుంటూ పోతున్నారు. ఒకావిడ అవేమిటని కూడా అడిగింది. చేప మేత అని చెప్పాను.

నాకు ఒళ్లు మండిపోతోంది. ఏప్రిల్ నుంచి అయిన సింగారమంతా రాళ్ల మధ్య ఒరిగి పడుంది, పిల్ల వెళ్లడానికి నాలుగు రోజులుంది, ఆ మనిషి మోకాళ్ల దాకా కూడా తడవలేదు. ఆయన ట్రైలర్ పక్కన గొంతుక్కూర్చుని, వంగిన ఇరుసుని చేత్తో తడుముతున్నాడు.

"ఇది మార్చాలి," అన్నాడు. "కొత్త ఇరుసు తెప్పించి, వచ్చే—"

"వచ్చే వారం అది ఇక్కడ ఉండదు," అన్నాను.

పిల్ల అప్పటికే చెక్కవంతెన దగ్గర జెట్ స్కీ ఎక్కి కూర్చుంది. టవల్ వంతెన మీద మడతపెట్టి ఉంది. "నాన్నా," అని పిలిచింది. "ట్రైలర్ ఇంక ఎక్కడికీ పోదు. కమ్."

"లారీ వాడు వస్తే ఎవరో ఒకరు ఉండాలి కదమ్మా."

"నేనుంటాను," అన్నాను.

ఆయన లేచాడు. ఇంక బిగించడానికి ఏమీ లేదు. తివాచీ లేదు, తీగ లేదు, గొట్టం లేదు. చెక్కవంతెన మీద నెమ్మదిగా నడిచి చివరి దాకా వెళ్లాడు. లైఫ్ జాకెట్ బకిల్ పెట్టే ఉంది, మళ్లీ తీసి మళ్లీ పెట్టబోయాడు. బకిల్ పడలేదు. పిల్ల చెయ్యి చాచి, టక్కున పెట్టింది.

"నాకు ఈత రాదమ్మా," అన్నాడు. పద్దెనిమిదేళ్లలో ఆ మాట దానికి చెప్పడం అదే మొదటిసారి.

"ఐ నో నాన్నా. చిన్నప్పటి నుంచి తెలుసు. బకెట్ బాత్ చేస్తావ్ కదా." అంత మామూలుగా చెప్పింది. "నేను స్విమ్ చెయ్ అన్లేదు. నాతో రా అన్నాను. నాకు వచ్చు కదా."

ఆయన కూర్చోవడం చూడాల్సిందే. ముందు ఒక కాలు పెట్టి తీసేశాడు. తర్వాత వెనక్కి తిరిగి, నిచ్చెన దిగుతున్నట్టు దిగాడు. జెట్ స్కీ ఒక పక్కకి ఒరిగితే "అమ్మో" అన్నాడు, అది లేక్ అంతా వినబడింది. చివరికి కూర్చుని, పిల్ల నడుం చుట్టూ రెండు చేతులూ వేసి, మొహం దాని వీపుకి ఆనించి కళ్లు మూసుకున్నాడు. నారింజ రంగు మూటలా ఉన్నాడు. అంతటి పిరికి మనిషిని నేను నా జన్మలో చూడలేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, అందుకు నా మీద నాకే విసుగేసింది.

పిల్ల ఇంజిన్ స్టార్ట్ చేసింది. "రెడీ, నాన్నా?"

ఆయన ఒక చెయ్యి మెల్లగా వదిలి, జెట్ స్కీ పక్కన అరచేత్తో రెండు చరుపులు చరిచాడు.

"రైట్ రైట్," అంది పిల్ల, నవ్వుతూ. తిన్నగా పోనిచ్చింది.

నేను ఒరిగిపోయిన ట్రైలర్ పక్కన నిలబడ్డాను. వేసవంతా దాన్ని తిట్టినదాన్ని నేను, చివరికి దానికి కాపలా కూడా నేనే. వాళ్లు చూస్తుండగానే చిన్నగా అయిపోయారు. బ్యాగ్‌లో రిమోట్ గుర్తొచ్చింది. తీసి నొక్కాను. నీళ్లలో మునిగిన వెనక సగం మీద నీలం లైట్లు ఒక్కసారి వెలిగాయి. ఆయన చెప్పింది నిజమే. పిలుద్దామని "ఏమండీ!" అని గట్టిగా ఒక కేక పెట్టి, రిమోట్ పైకెత్తి చూపించాను.

ఆయన వెనక్కి తిరిగి చూడలేదు.